స్కేలు వంకరే

ఆ టైలరింగ్ దుకాణంలో ముగ్గురుండేవారు: అక్క, చెల్లెలు, తల లేని ఒక చెక్కబొమ్మ. అక్క గుడ్డ కోసేది కాబట్టి వీధిలో అందరికీ కత్తెరమ్మ. చెల్లెలు మిషను తొక్కేది కాబట్టి మిషనమ్మ. కోట్లూ గౌన్లూ తొడిగి చూసుకోవడానికి పెట్టిన ఆ బొమ్మకి మాత్రం మిషనమ్మే పేరు పెట్టింది, మధ్యవర్తి అని. తలకాయ ఉన్నవాడెవడూ ఆ ఇద్దరి మధ్యకీ రాడు గనక తలకాయ లేనిదాన్ని కూర్చోబెట్టుకున్నారు.

తొమ్మిదేళ్ళుగా అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. మాటలు లేకపోవడమేమిటి, బోలెడున్నాయి, కాకపోతే అన్నీ బొమ్మ ద్వారా నడిచేవి.

"బొమ్మా, దాంతో చెప్పు, ఆ చంకకింద కుట్టు వదులుగా వేసి చచ్చిందని."

"బొమ్మా, ఆవిడగారితో చెప్పు, ఆవిడ కోసిన గుడ్డకి ఇంతకంటే మంచి కుట్టు పడదని."

కొత్తగా వచ్చినవాళ్ళు బెదిరిపోయి కొలతలివ్వకుండానే వెళ్ళిపోయేవారు. పాతవాళ్ళు పని అయిపోయినా కదలకుండా స్టూలు మీద కూర్చుని వినేవారు. పోనీ విడిపోవచ్చు కదా అంటే, అదీ కుదరదు. దుకాణం అమ్మది, ఇద్దరి పేరునా ఉంది. కత్తెరమ్మకి మిషను మీద కాలు ఆడదు. మిషనమ్మకి గుడ్డ మీద గీత గీయమంటే చెయ్యి వణుకుతుంది. ఒకత్తె కోస్తే తప్ప ఇంకొకత్తెకి పనిలేదు. ఉప్పూ నిప్పూ ఒకే పొయ్యి దగ్గర కాపురం పెట్టినట్టుండేది.

ఈ పగ ఎక్కడ మొదలైందో వినాలి. వినకపోతే మిషనమ్మ చేసిన పాపం మీకు అర్థం కాదు.

వాళ్ళమ్మ కూడా కత్తెర పట్టిన మనిషే. డెబ్భై అయిదు దాటాక ఒక పొద్దున్న గుమ్మం వైపు చూసి, "ఈ ద్వారబంధం నడుం వంచిందేమిటే?" అంది. కత్తెరమ్మ వెంటనే వడ్రంగిని పిలిపించింది. అతను కొలిచి చూసి, ద్వారబంధం నిక్షేపంలా ఉందని నవ్వుకుంటూ పోయాడు. అమ్మకి నీరసం అని తేల్చేసి, కత్తెరమ్మ మందుల షాపు నుంచి విటమిను మాత్రల సీసా తెచ్చింది. సీసా మీద పెద్ద కన్ను బొమ్మ, దానికి పొడుగాటి రెప్పలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్దామే అక్కా, కంటి డాక్టరుకి చూపిద్దాం," అని మిషనమ్మ మొత్తుకుంది.

"తీసుకెళ్ళి? కంట్లో సూదులు పొడిపిస్తావా ముసలిదానికి? మాత్రలున్నాయిగా, మింగుతోందిగా. నీకంటే నాకే తెలుసు, నోర్ముయ్."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి కత్తెరమ్మ. ఆరు నెలలు గడిచాయి. ఒక రోజు అమ్మ చిన్నకూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "నీ ముక్కేదే? చెవులున్నాయి, జుట్టుంది, మధ్యలో మొహం లేదేమే?" అంది. అప్పుడు పరిగెత్తారు ఆసుపత్రికి. గీతలు వంకరగా కనబడ్డ వారంలోనే తెచ్చి ఉంటే చూపు నిలబెట్టడానికి ప్రయత్నించేవాళ్ళం అన్నాడు అక్కడి డాక్టరు. ఆ తరవాత అమ్మ రెండేళ్ళు కూతుళ్ళ మొహాలు తడుముకుంటూ బతికింది. పోయిన రోజున పదిమందీ చుట్టూ ఉండగా కత్తెరమ్మ అంది కదా, "మాత్రలు వేళకి వేసుకుని ఉంటే చూపు వచ్చేదే పాపం." అంతే. మిషనమ్మ నోరు ఆ రోజు మూతబడింది.

ఇక ఇప్పటి సంగతి.

కత్తెరమ్మకి ఇప్పుడు అరవై ఎనిమిది. పనిలో ఆవిడకో అలవాటుంది. బల్ల మీద గుడ్డ పరిచి, స్కేలు ఆనించి, సుద్దతో గీత లాగి, కుడికన్ను మూసుకుని ఎడమకంటితో గీత పొడుగునా చూస్తుంది, వడ్రంగులు చెక్క చూసినట్టు. ఆ ఎడమకంటికి తెలియకుండా దారప్పోగు కూడా పక్కకి జరగదని వీధిలో చెప్పుకునేవారు. ఒక సోమవారం పొద్దున్న అలాగే చూసి, కళ్ళు నులుముకుని, మళ్ళీ చూసింది. స్కేలు తీసి గాలికి ఎత్తి పట్టి చూసింది.

"బొమ్మా, ఈ చెక్క స్కేలు మధ్యలో వంగింది. ఎవరో దీని మీద కూర్చున్నారు. ఎవరో నేను చెప్పక్కర్లేదు."

మిషనమ్మ తల ఎత్తింది. స్కేలు బాణంలా ఉంది. ద్వారబంధం గుర్తొచ్చింది. కాలు మిషను మీదే ఆగిపోయింది.

అప్పుడు కత్తెరమ్మ ఎన్నడూ అడగనట్టు, గొంతు కాస్త తగ్గించి అడిగింది. "బొమ్మా, దాన్నడుగు. వంగిందా లేదా?"

ఒక్క ముక్క చాలు. "తిన్నగానే ఉంది, పద ఆసుపత్రికి" అనాలి. మిషనమ్మకి ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే అమ్మ చేతులు వచ్చాయి, మొహం తడుముతూ. 'వేళకి వేసుకుని ఉంటే' అన్న మాట వచ్చింది. ఆగిపోయిన కాలు మళ్ళీ మిషను తొక్కింది.

"బొమ్మా, ఆవిడగారితో చెప్పు," అంది మిషనమ్మ, "స్కేలు వంకరే."

కత్తెరమ్మ మొహం విప్పారింది. వంకరే అన్నందుకు అంత సంతోషపడ్డ మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ మధ్యాహ్నమే వెళ్ళి కొత్త స్టీలు స్కేలు కొనుక్కొచ్చింది. బల్ల మీద పెట్టి, కుడికన్ను మూసింది. ఇదీ వంకరే.

"బొమ్మా, స్టీలుది కూడానా?"

"ఈ రోజుల్లో ఏ సరుకు తిన్నగా ఏడ్చింది గనక," అంది మిషనమ్మ. రెండో అబద్ధం మొదటిదానంత కష్టం కాదు.

వారం తిరక్కుండానే గుండీల డబ్బాలో సీసా దొరికింది. నల్లగుండీల కోసం చెయ్యి పెడితే చేతికి తగిలింది. కన్ను బొమ్మ, పొడుగు రెప్పలు, అదే సీసా. అచ్చం అమ్మకి తెచ్చిన రకమే, కొత్తది. మూత తీసి చూస్తే అప్పటికే సగం ఖాళీ. రోజుకి రెండు చొప్పున కాదు, నాలుగు చొప్పున మింగుతోందన్నమాట. అంటే స్కేలు మీద అనుమానం ఎంతుందో కంటి మీదా అంతే ఉంది, పైకి చెప్పదు అంతే. మిషనమ్మ నల్లగుండీలు తీసుకుని సీసా ఎక్కడిదక్కడ పెట్టేసింది. మింగు తల్లీ, మింగు, అనుకుంది. ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడాలి కదా, నువ్వు తవ్వింది కాస్త లోతు.

సంతోషం వేసిందా అంటే వేసింది. దాచడమెందుకు? ఆ రోజు మిషను కూడా కొత్త నూనె వేసినట్టు హాయిగా తిరిగింది.

అక్కడితో ఆగినా బాగుండేది. కత్తెరమ్మ కోతలు వంకరపోవడం మొదలైంది. తిన్నటి స్కేలుని వంకరనుకుని దాన్ని సరిచేసి గీస్తే గీత ఏమవుతుంది మరి? లంగాల అంచులు పడవల్లా వచ్చేవి, చొక్కాల ముందుభాగాలు ఒకదాన్నొకటి తప్పించుకునేవి. గిరాకీ మనుషులు చూస్తే మొదటి రోజే గొడవయ్యేది, గొడవైతే కన్ను సంగతి బయటపడేది. మిషనమ్మ బయటపడనిచ్చిందా? లేదు. వంకర ఎక్కడుంటే అక్కడ కుట్టు లోపలికి లాగింది, మడత ఎక్కువ వేసింది, అవసరమైతే పట్టీ అతికింది. తన జన్మలో అంత గొప్పగా ఎప్పుడూ కుట్టలేదు. "ఈమధ్య కుట్టు భలే ఉందండీ" అని ఒకావిడ మెచ్చుకుంటే కత్తెరమ్మ, "కోత బాగుంటే కుట్టు దానంతటదే కూర్చుంటుంది" అని మీసం లేకపోయినా మెలేసింది. మిషనమ్మ నవ్వు ఆపుకోవడానికి దారం పళ్ళతో కొరికింది.

చెప్పేద్దాం, వచ్చే వారం చెప్పేద్దాం అని అప్పుడప్పుడూ అనుకునేది. ఒక రోజు కత్తెరమ్మ నీలం దారం అడిగి, చేతిలో పెట్టిన దారాన్ని దగ్గరికీ దూరానికీ జరిపి చూసుకుంటుంటే మిషనమ్మ మిషను ఆపింది. నోరు తెరిచింది కూడా. ఈలోపల కత్తెరమ్మ, "బొమ్మా, దానికి నీలానికీ నలుపుకీ తేడా తెలీదు, అమ్మ దగ్గర ఏం నేర్చుకుని చచ్చిందో," అంది. అమ్మ పేరెత్తింది! మిషనమ్మ తెరిచిన నోరు మళ్ళీ మూసేసుకుంది. అలా మూడు నెలలు దొర్లాయి.

అప్పుడొచ్చింది హోటలు వాళ్ళ పని. గదులన్నిటికీ చారల కర్టెన్లు. బట్టల షాపు నుంచి గుడ్డ తానులు వచ్చాయి, తెలుపు మీద ఆకుపచ్చ నిలువు చారలు. కత్తెరమ్మ ఒక తాను పరిచి, కుడికన్ను మూసి చూసి, కేకేసింది. "చారలన్నీ వానపాముల్లా మెలికలు తిరిగాయి! ఇదేం నేత? నన్ను గుడ్డిదాన్ననుకున్నాడా వాడు?"

ఆ గుడ్డ తాను చంకన పెట్టుకుని బట్టల షాపుకి బయల్దేరింది. బొమ్మని మోసుకెళ్ళడం కుదరదు గనక, గుమ్మంలో నిలబడి గాలితో అంది, "సాక్ష్యానికి ఎవరైనా వస్తే బాగుండు." మిషనమ్మ వెళ్ళింది. తమాషా చూద్దామనే వెళ్ళింది.

బట్టల షాపాయన పెద్దమనిషి. తాను విప్పి కౌంటరు మీద పరిచాడు. కొనడానికి వచ్చిన నలుగురు ఆడవాళ్ళూ చుట్టూ మూగారు. చారలు తీగ లాగినట్టు తిన్నగా ఉన్నాయి.

"ఇందులో వంకరేముందమ్మా?" అన్నాడాయన.

"కళ్ళు లేవా నీకు?"

"నాకున్నాయమ్మా," అన్నాడాయన, మర్యాదగానే. "మీరోసారి కళ్ళద్దాలు వేయించుకోండి."

వెనక నుంచి ఒకావిడ, "ఆడలేక మద్దెల ఓడందిట," అని పక్కావిడతో గొణిగింది. గొణుగుడు అందరికీ వినబడేలా గొణిగింది. నలుగురూ కిసుక్కుమన్నారు. కత్తెరమ్మ మొహం ఎర్రబడింది. గిర్రున తిరిగి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి, మధ్యవర్తి లేకుండా, చెల్లెలితో మాట్లాడింది.

"నువ్వు చెప్పవే వీళ్ళకి! వంకరా కాదా?"

మిషనమ్మ చారలకేసి చూసింది. ఈసారి వినడానికి బొమ్మ లేదు, ఎదురుగా అక్క ఉంది.

"ఏం మూగనోము పట్టావా? సరే. ఇదిగో అయ్యా, మనిషి అబద్ధమాడేది మొహంలో తెలిసిపోతుంది, ఇటు తిరుగు," అని కత్తెరమ్మ షాపాయన వైపు తిరిగి, గీతని చూసినట్టే కుడికన్ను మూసి, ఎడమకంటితో గురిపెట్టింది. ఒక క్షణం ఆగింది. "ఏమయ్యా, నీ మూతేదీ?"

షాపంతా గొల్లుమంది. షాపాయన కూడా మీసం తడుముకుని నవ్వాడు.

"నవ్వుతావేం? చెవులున్నాయి, తలపాగా ఉన్నట్టు జుట్టుంది, మధ్యలో మొహమేదయ్యా?"

ఆ మాట మిషనమ్మ ఒకసారి విన్నది. తన మొహం మీద చేతులుండగా విన్నది. నవ్వుతున్న ఆడవాళ్ళని తోసుకుంటూ వెళ్ళి అక్క రెక్క పట్టుకుంది. "పద. పెద్దాసుపత్రికి. ఇప్పుడే పద," అని, గుడ్డ తాను అక్కడే వదిలేసి, ఈడ్చుకుపోయింది. కత్తెరమ్మ దారి పొడుగునా తిట్టింది. తిట్టనీ.

ఆసుపత్రిలో కంటి డాక్టరమ్మ చిన్నది, వీళ్ళకి కూతురయ్యే వయసు. ఒక గళ్ళ కాగితం ఇచ్చి, మధ్యలో ఉన్న చుక్కనే చూడమంది. ఎడమకన్ను మూసి చూస్తే గళ్ళు గళ్ళలాగే ఉన్నాయి. కుడికన్ను మూసేసరికి కత్తెరమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మధ్యలో ఎవరో పీకి నలిపేశారు," అంది చివరికి. "చుక్క లేదు."

కంట్లో చుక్కలు వేశారు, ఫొటోలు తీశారు. డాక్టరమ్మ ఫొటో చూపించి, కంటి వెనక పొరలో నెత్తురు చిమ్మి ఎండి మచ్చ కట్టిందని చెప్పింది. ఇంజెక్షన్లు మొదలుపెడదాం, ఇంకా పాకకుండా ఆగొచ్చు, కానీ ఎడమకంటి నడిమి చూపు తిరిగొస్తుందని ఆశపెట్టను అంది.

కత్తెరమ్మ కొంగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి రోజుకి నాలుగు వేసుకున్నానండీ. ఒక్క పూట మానలేదు."

డాక్టరమ్మ సీసా తిప్పి చదివింది. "విటమిన్లు వద్దని నేననను. ఈ జబ్బులో ఒక దశలో ఉన్నవాళ్ళకి, సరైన మందు సరైన మోతాదులో ఇస్తే ముదరడం నెమ్మదించవచ్చు. మీ కుడికంటికి అది అవసరమేమో నేను చూసి చెప్తాను. కానీ నెత్తురు చిమ్మాక దాన్ని మాత్ర ఆపదమ్మా. నాలుగు కాదు నలభై వేసుకున్నా ఆపదు. అప్పుడు కావాల్సింది వెంటనే రావడం. గీతలు వంకరగా కనబడ్డం ఎప్పుడు మొదలైంది?"

"మూడు నెలలు."

"మూడు నెలలా!" డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "మూడు నెలలు ఎందుకూరుకున్నారు? ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"ఊరుకోవడమేమిటండీ, నేనంత తెలివితక్కువదాన్నా? మొదటి రోజే అడిగాను. ఇదిగో, నా చెల్లెల్ని, దీన్నే అడిగాను. స్కేలు వంకరగా ఉందా అంటే వంకరే అంది."

డాక్టరమ్మ మిషనమ్మ వైపు చూసింది.

"మీకు తెలీదు డాక్టరమ్మా," అంది కత్తెరమ్మ, ఆ గదిలోకి వచ్చాక మొదటిసారి గొంతులో కాస్త గర్వంతో. "ఇంకెవరన్నా అంటే నన్ను మంచి చేసుకోడానికి అన్నారనుకునేదాన్ని. ఇది అలా కాదు. నేను చస్తున్నానన్నా ఇది గుక్కెడు నీళ్ళివ్వదు. తొమ్మిదేళ్ళలో నాకు నచ్చే మాట ఒక్కటి అన్లేదు. అలాంటిది వంకరే అందంటే ఇక వంకరే. అందుకే నమ్మాను."

మిషనమ్మ నేలకేసి చూస్తూ నిలబడిపోయింది. నేల మీద గచ్చుపలకల గీతలు తిన్నగా ఉన్నాయి, ఎంతసేపు చూసినా తిన్నగానే ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నావేం అని ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. కాల్చింది నువ్వే కదా అంటే ఏం చెప్తుంది?

మొదటి ఇంజెక్షను అయిన మర్నాడు దుకాణం తెరిచారు. హోటలు కర్టెన్ల తాను షాపు నుంచి మళ్ళీ బల్ల మీదకి వచ్చింది. కత్తెరమ్మ పాత చెక్క స్కేలు అటక మీంచి తీయించి, వేళ్ళతో ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమింది. ఒకసారి, రెండుసార్లు. వేళ్ళకి వంకర తెలిసిపోతుంది కదా, ఆ వేళ్ళకి మరీనూ.

"ఇది వంకరేనా?" అంది, సూటిగా చెల్లెలితోనే.

"కాదక్కా. తిన్నగానే ఉంది."

"ఆ రోజు?"

"ఆ రోజూ తిన్నగానే ఉంది."

"తెలిసే అన్నావా?"

"తెలిసే."

కత్తెరమ్మ అరవలేదు. అరిచి ఉంటే మిషనమ్మ బతికిపోయేది. "అమ్మ నిన్నడిగిందా," అంది నెమ్మదిగా, "నాకు జరిగింది దీనిక్కూడా జరిపించమని?"

మిషనమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడవకు, గుడ్డ మీద మరకలవుతాయి. నేను అమ్మ కళ్ళు తీశాను. ఒప్పుకుంటున్నాను, ఇదిగో, ఈ నోటితోనే. మొండితనంతో తీశాను, పొగరుతో తీశాను. కానీ తెలియక తీశానే. మాత్ర మింగిస్తే మంచి జరుగుతుందనుకుని తీశాను. నీకు మొదటి రోజునుంచీ తెలుసు. తెలిసి కూర్చుని కుట్టుకున్నావు."

మిషనమ్మ గుడ్డని పక్కకి జరిపి కొంగుతో మొహం కప్పుకుంది.

కత్తెరమ్మ లేచి వెళ్ళి, మూల నిలబెట్టిన బొమ్మని ఈడ్చుకొచ్చి, తమ ఇద్దరి మధ్యా నిలబెట్టింది. బట్టల షాపులో మొదలైన మాటలు అక్కడితో ఆగిపోయాయి.

"బొమ్మా, దాంతో చెప్పు. ఇవాళ్టినుంచి గీసేదీ అదే, కోసేదీ అదే. సుద్ద తీసుకోమను."

మిషనమ్మ కళ్ళు తుడుచుకుని సుద్ద తీసుకుంది. ఆకుపచ్చ చార పక్కన స్కేలు ఆనించింది. చెయ్యి వణికింది. స్కేలు జారింది. గీత మధ్యలో పక్కకి పోయింది.

"బొమ్మా, అడుగు. ఎలా వచ్చింది?"

"వంకరే," అంది మిషనమ్మ.

కత్తెరమ్మ ఆ మాట విన్నది. విని తల ఊపలేదు, సరే అనలేదు. అరచేత్తో ఎడమకన్ను మూసుకుని, బల్ల మీదికి వంగి, ఉన్న ఒక్క కంటితో గీతని ఈ చివర నుంచి ఆ చివరిదాకా తనే చూసుకుంది.

"చెరిపి మళ్ళీ గియ్యమను," అంది బొమ్మతో.

మిషనమ్మ చెరిపి మళ్ళీ గీసింది. ఎనభై కర్టెన్లకీ అలాగే అయింది. ప్రతి గీతకీ అక్క అడగడం, చెల్లెలు ఉన్నదున్నట్టు చెప్పడం, అక్క ఎడమకన్ను మూసుకుని వంగి చూసుకోవడం. ఇప్పటికీ అలాగే అవుతోంది. ఆ రోజు తరవాత మిషనమ్మ ఒక్క అబద్ధం ఆడలేదు. ఆవిడ చెప్పింది చూసుకోకుండా కత్తెరమ్మ ఒక్కసారి నమ్మలేదు.